బీఎస్సీ కెమిస్ట్రీ తర్వాత ఏంటి? అక్టోబర్ దాటకముందే ఇది వినండి

ఎప్పుడూ కోడింగ్, ఇంటర్వ్యూలు, ప్యాకేజీలు అని మాట్లాడే నేను ఈరోజు కెమిస్ట్రీ గురించి మాట్లాడబోతున్నా. "బ్రో, నువ్వు బీటెక్ కదా, నీకెందుకు కెమిస్ట్రీ?" అని అడుగుతారు. కరెక్టే. ఇంటర్‌లో ఆర్గానిక్ చాప్టర్ అంటేనే నాకు భయం. కానీ ఈ ఎపిసోడ్ వెనకాల ఒక తప్పు ఉంది. ఆ తప్పు నాది.

మా బాబాయి కూతురు గుంటూరు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఎంపీసీ చదివింది. ఫైనల్ ఇయర్‌లో ఉండగా ఒకరోజు ఫోన్ చేసింది. "అన్నయ్యా, నాకు కెమిస్ట్రీ ఇష్టం. నెక్స్ట్ ఏం చెయ్యాలి?" అని అడిగింది. నేను మీటింగ్‌కి లేట్ అవుతున్నా. "కెమిస్ట్రీలో ఏముందమ్మా, ఒక పైథాన్ కోర్స్ చేసెయ్, నేను రిఫరల్ ఇస్తాలే" అనేసి పెట్టేశా. రెండు నిమిషాల కాల్ అది. అప్పుడు అక్టోబర్ నెల. ఆ నెలలోనే జామ్ అప్లికేషన్లు క్లోజ్ అయిపోయాయి. అలాంటి ఎగ్జామ్ ఒకటి ఉందని తనకి తెలీదు. నాకూ తెలీదు. తెలీకపోవడం తప్పు కాదు, తెలిసినట్టు మాట్లాడటం తప్పు. దానివల్ల తనకి ఒక ఏడాది పోయింది.

డిగ్రీ అయ్యాక తను హైదరాబాద్ వచ్చి ఒక ఫార్మా కంపెనీలో క్యూసీలో జాయిన్ అయ్యింది. క్యూసీ అంటే క్వాలిటీ కంట్రోల్. తయారైన మందు శాంపిల్‌ని టెస్ట్ చేసి, ఉండాల్సినంత ఉందా లేదా, ఏమైనా మలినాలు ఉన్నాయా అని చూసే పని. బీఎస్సీతో మనవాళ్లకి ఎక్కువగా దొరికే ఉద్యోగం ఇదే. జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల, అటు వైజాగ్ దగ్గర పరవాడ, శ్రీకాకుళం దగ్గర పైడిభీమవరం, ఎక్కడ చూసినా ఫార్మా కంపెనీలే.

ఈ ఉద్యోగాన్ని నేను తక్కువ చేసి చెప్పను. ఇంట్లో వెంటనే డబ్బు కావాలంటే ఇది నిజమైన దారి. హెచ్‌పీఎల్‌సీ మెషిన్ మీద చెయ్యి తిరుగుతుంది. ప్రతి రీడింగ్‌నీ అప్పటికప్పుడే రాసి పెట్టే అలవాటు వస్తుంది. రెండు మూడేళ్ల అనుభవంతో కంపెనీ మారితే జీతమూ పెరుగుతుంది. కానీ షిఫ్టులు ఉంటాయి, నైట్‌లు ఉంటాయి. ఒక రాత్రి మా చెల్లి ఫోన్‌లో ఒక మాట అంది: "మెషిన్ నేనే రన్ చేస్తున్నా అన్నయ్యా, పీక్ వస్తుంది, రాసుకుంటున్నా. ఆ పీక్ అక్కడే ఎందుకొచ్చిందని అడిగితే మాత్రం ఎవరికీ టైమ్ లేదు." ఆ "ఎందుకు" అనే ప్రశ్న మీకూ వస్తోందా? అయితే మిగతా వీడియో మీకోసమే.

ఫస్ట్ పాయింట్. మన ఇళ్లలో పై చదువు అంటే ఒకటే లెక్క: ఎంఎస్, బ్యాంక్ లోన్, అమెరికా. ఆ లెక్క సాఫ్ట్‌వేర్ వాళ్ల నుంచి వచ్చింది. కెమిస్ట్రీలో లెక్క వేరు. ఇక్కడ పీహెచ్‌డీ స్థాయికి వెళ్తే చాలాచోట్ల మీరు డబ్బు కట్టక్కర్లేదు, వాళ్లే మీకు ఇస్తారు. ఈ ఒక్క విషయం తెలీక మన పిల్లలు రెండు రకాలుగా నష్టపోతున్నారు. కొందరు "మాకంత స్తోమత లేదు" అని ఆగిపోతున్నారు. కొందరు అవసరం లేని చోట లోన్ తీసుకుంటున్నారు.

మరి అక్కడిదాకా వెళ్లాలంటే ముందు మంచి చోట ఎమ్మెస్సీ చెయ్యాలి. దానికి మెయిన్ గేటు జామ్. ఐఐటీలు నడిపే ఎగ్జామ్ ఇది. అప్లికేషన్లు మామూలుగా సెప్టెంబర్‌లో మొదలై అక్టోబర్‌లో ముగుస్తాయి. ఫిబ్రవరిలో ఎగ్జామ్. ఫైనల్ ఇయర్ చదువుతూనే రాయొచ్చు. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 30 మామూలు ఆబ్జెక్టివ్ ప్రశ్నలు. వీటికి మాత్రమే నెగెటివ్ మార్కులు. 10 ప్రశ్నలకి ఒకటి కంటే ఎక్కువ ఆన్సర్లు ఉండొచ్చు. మిగతా 20కి ఆప్షన్లే ఉండవు, మీరే నంబర్ టైప్ చెయ్యాలి. గైడ్ బట్టీ పట్టి పాసయ్యే అలవాటు ఉన్నవాళ్లకి షాక్ తగిలేది ఇక్కడే. సిలబస్ మాత్రం మీ డిగ్రీదే: ఫిజికల్, ఆర్గానిక్, ఇనార్గానిక్.

జామ్ ర్యాంకుతో ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ తిరుపతి లాంటి చోట్ల ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చెయ్యొచ్చు. బెంగళూరు ఐఐఎస్సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి కూడా ఈ స్కోరుతోనే పిలుస్తారు. ఎన్‌ఐటీ వరంగల్ లాంటి ఎన్‌ఐటీల సీట్లూ దీంతోనే వస్తాయి. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. ర్యాంకు వచ్చాక ఐఐటీల అడ్మిషన్‌కి మళ్లీ ఒక ఫామ్ నింపాలి. ఎన్‌ఐటీలకి సీసీఎమ్‌ఎన్ అనే వేరే కౌన్సెలింగ్, దానికి వేరే రిజిస్ట్రేషన్. ర్యాంకు వచ్చింది కదా, సీటు అదే వస్తుందిలే అని కూర్చుంటే సీటు రాదు.

బీజెడ్‌సీ ఫ్రెండ్స్, మీకు ఇంకో మాట. ఎగ్జామ్ మీరూ రాయొచ్చు. కానీ కొన్ని ఐఐటీలు కెమిస్ట్రీ ఎమ్మెస్సీకి ఇంటర్‌లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ ఉండాలంటాయి. ప్రతి సంస్థకీ రూల్ వేరు. జామ్ బ్రోచర్‌లో ఆ టేబుల్ చూసుకున్నాకే ప్లాన్ వేసుకోండి.

జామ్ ఒక్కటే దారి కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కెమిస్ట్రీకి దేశమంతా పేరుంది. అక్కడ ఎమ్మెస్సీకి సీయూఈటీ పీజీ రాయాలి. ఉస్మానియా, కాకతీయ లాంటి తెలంగాణ యూనివర్సిటీలకి సీపీగెట్. ఆంధ్రా యూనివర్సిటీ, నాగార్జున, ఎస్వీ యూనివర్సిటీ లాంటి వాటికి ఏపీ పీజీసెట్. ఈ మూడింటినీ "ప్లాన్ బీ" అని చిన్నచూపు చూడకండి. ఎక్కడ చదివినా తర్వాత రాసే ఎగ్జామ్ అందరికీ ఒకటే.

అదే సీఎస్‌ఐఆర్ నెట్, కెమికల్ సైన్సెస్ పేపర్. ఎమ్మెస్సీ ఫైనల్ ఇయర్‌లో ఉండగానే రాయొచ్చు. ఇందులో జేఆర్‌ఎఫ్ కొడితే పీహెచ్‌డీ చేస్తూ నెలకి 37,000 రూపాయలు వస్తాయి. రెండేళ్ల తర్వాత 42,000. హాస్టల్ లేకపోతే హెచ్‌ఆర్‌ఏ అదనం. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్లు ఇవి. నేను ఫ్రెషర్‌గా సాఫ్ట్‌వేర్‌లో చేరినప్పుడు నా చేతికి వచ్చింది పాతిక వేలు కూడా కాదు! "కెమిస్ట్రీలో ఏముందమ్మా" అన్న పెద్దమనిషి పరిస్థితి అదీ. అయితే ఒక నిజం కూడా చెప్పాలి. ఫెలోషిప్ డబ్బు కొన్నిచోట్ల నెలనెలా టైముకి పడదు. ఆర్నెల్లకి సరిపడా ఓపిక, కాస్త పొదుపు దగ్గర పెట్టుకోండి.

పీహెచ్‌డీ వద్దనుకుంటే? ఎమ్మెస్సీ ఆర్గానిక్ చేసినవాళ్లకి ఆర్ అండ్ డీలో సింథసిస్ ఉద్యోగాలు, అనలిటికల్ వాళ్లకి మెథడ్ డెవలప్‌మెంట్. విదేశీ కంపెనీల కోసం కొత్త మందుల అణువులు తయారుచేసే అరాజెన్, సాయి లైఫ్ సైన్సెస్ లాంటి సంస్థలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. మా చెల్లి అడిగిన "ఎందుకు"కి ఇలాంటి ల్యాబుల్లో టైమ్ ఇస్తారు, అదే అక్కడి పని కాబట్టి.

ఇక ఫారిన్. అమెరికాలో కెమిస్ట్రీకి లోన్ తీసుకుని ఎంఎస్‌కి వెళ్లే ముందు ఒక్కసారి ఆగండి. అక్కడి యూనివర్సిటీల్లో పీహెచ్‌డీకి సీటిస్తే మామూలుగా ట్యూషన్ ఫీజు వాళ్లే చూసుకుంటారు, పైగా స్టైపెండ్ ఇస్తారు. బదులుగా మీరు జూనియర్లకి ల్యాబ్ క్లాసులు చెప్పాలి, లేదా ప్రొఫెసర్ ప్రాజెక్ట్‌లో పనిచెయ్యాలి. చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్‌ఈ కూడా తీసేశాయి. చూసేది ముఖ్యంగా మీ ల్యాబ్ అనుభవం, మీ ప్రొఫెసర్లు రాసే లెటర్లు. మూడేళ్ల బీఎస్సీని కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు, అందుకే ఎమ్మెస్సీ చేసి వెళ్తే సేఫ్. డెడ్‌లైన్లు ఎక్కువగా డిసెంబర్‌లోనే. ఒక హెచ్చరిక: ఈమధ్య అక్కడ రీసెర్చ్ ఫండ్స్ తగ్గి కొన్ని డిపార్ట్‌మెంట్లు సీట్లు తగ్గించాయి. ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోకండి. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీకి ట్యూషన్ ఫీజు లేదు. కానీ ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి, ఏపీఎస్ సర్టిఫికెట్ తీసుకోవాలి.

"ఊళ్లో డిగ్రీ కాలేజీ నుంచి ఇవన్నీ అయ్యే పనేనా అన్నా?" అంటారా? డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు, ఐఐసీటీ డైరెక్టర్‌గా చేసిన ఏవీ రామారావు గారు, ఇద్దరూ గుంటూరు ఏసీ కాలేజీలోనే బీఎస్సీ చదివారు. అక్కడి నుంచి బొంబాయిలో కెమికల్ టెక్నాలజీ, తర్వాత పూణే నేషనల్ కెమికల్ ల్యాబొరేటరీలో పీహెచ్‌డీ. ఇద్దరిదీ ఒకటే రూటు. ఆ రోజుల్లో గూగుల్ కూడా లేదు.

ఇప్పుడు సెకండ్ ఇయర్‌లో ఉన్నవాళ్లు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి అప్లై చెయ్యండి. సెలెక్ట్ అయితే వేసవిలో రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో నిజమైన సైంటిస్ట్ దగ్గర పని. కెమిస్ట్రీ మీకు సరిపడుతుందో లేదో ఆ రెండు నెలల్లో తేలిపోతుంది.

మా చెల్లి సంగతి చెప్పి ముగిస్తా. షిఫ్ట్ అయ్యాక హాస్టల్ గదిలో చదివి తర్వాతి ఏడాది జామ్ రాసింది. అనుకున్న ఐఐటీ రాలేదు. ఒక ఎన్‌ఐటీలో సీటు వచ్చింది. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫైనల్ ఇయర్, నెట్‌కి ప్రిపేర్ అవుతోంది. వస్తుందో రాదో నాకు తెలీదు, తనకీ తెలీదు. మొన్న ఫోన్ చేసి గంటసేపు ఏదో రియాక్షన్ మెకానిజం చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఈసారి మాత్రం ఫోన్ పెట్టెయ్యలేదు.

మీ ఇంట్లో, మీ వీధిలో బీఎస్సీ చదివే చెల్లో తమ్ముడో ఉంటే ఈ వీడియో ఇవ్వాళే పంపండి. మీరే ఆ స్టూడెంట్ అయితే, ఫోన్ క్యాలెండర్‌లో సెప్టెంబర్ 1కి "జామ్ ఫామ్" అని రిమైండర్ పెట్టుకుని అప్పుడు ఈ వీడియో క్లోజ్ చెయ్యండి. డౌట్స్ కామెంట్స్‌లో అడగండి, నాకు తెలిసింది చెప్తా, తెలీకపోతే మా చెల్లినే అడిగి చెప్తా. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా ఫ్రెండ్స్, బై.