పికిల్‌బాలా, పాడెలా?

ఆదివారం మన ఫ్రీమాంట్ మీటింగ్‌కి రాలేకపోయిన మీ కోసం, అక్కడ చెప్పిన నాలుగు మాటలు.

రెండూ మంచి ఆటలే. పాడెల్ 1969లో మెక్సికోలో పుట్టింది. కోర్టు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. గాజు గోడకి తగిలి వచ్చిన బంతినీ కొట్టొచ్చు. కానీ నలుగురు కుదరాలి, మామూలుగా కోర్టుకి అద్దె కట్టాలి.

పికిల్‌బాల్ 1965లో వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలైంది. 44 అడుగుల కోర్టు, చిల్లుల ప్లాస్టిక్ బంతి, ఇద్దరున్నా చాలు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలూ ఆడొచ్చు. బంతి కోసం వెనక్కి మాత్రం పరిగెత్తనివ్వకండి, పడతారు.

ఇంకొక్క మాట. హెచ్‌1బీ మీద ఉద్యోగం పోతే ఉండే గడువు మహా అయితే 60 రోజులు. అప్పుడు మనిషి ముందు మానేసేది నలుగురిలోకి రావడమే. అలాంటివాళ్లకి మీరే ఫోన్ చేయండి: "నా దగ్గర ఇంకో బ్యాట్ ఉంది, వచ్చెయ్."