మా ఇంటి ఫిలిం చుట్టల్లో పాడి పని
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దాణా గురించో, వెన్న శాతం గురించో మాట్లాడవలసిన వేదిక మీద మేము ఇంట్లో తీసుకున్న సినిమా గురించి చెప్పబోతున్నాము. ఇది కూడా పాడి విషయమేనని చివరకు మీకే తెలుస్తుంది.

1978లో అమెరికా నుంచి సెలవుకు వచ్చిన మా మేనమామగారు తమ సూపర్ ఎయిట్ కెమెరాను నాన్నగారికి ఇచ్చి వెళ్ళారు. ఈ రకం ఫిలింను కోడక్ కంపెనీ 1965లో తెచ్చింది. ఒక చుట్ట 50 అడుగులు. తెర మీద 3 నిమిషాలకు కాస్త ఎక్కువ ఆడుతుంది. మా చుట్టల్లో మాటలు వినపడవు. కడిగించడానికి అమెరికా వెళ్ళేవారి చేతికిచ్చి పంపేవాళ్ళం. అంత ఖరీదైన ఫిలింను పెళ్ళిళ్ళకు కాక పశువుల సావిడికి తగలేస్తున్నాడని ఊళ్ళో నవ్వుకునేవారు. అలా తొమ్మిది చుట్టలు చేరాయి.

నాన్నగారు పోయిన తరువాత ఇనప్పెట్టె తెరిస్తే గుప్పున వెనిగర్ వాసన కొట్టింది. ఆ ఫిలిం ఎసిటేటుతో చేసినది. వేడికి, తేమకు అది చెడి ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. ఫిలిం కుంచించుకుపోయి పెళుసుబారుతుంది. మన కోస్తా ఉక్క దానికి పగ. రెండు చుట్టలు చెయ్యిదాటిపోయాయి. మిగిలిన ఏడింటిని స్కాన్ చేయించి, అమ్మను కూర్చోబెట్టి చూపించాము.

అందులో ఉన్నదంతా పనే. తెల్లవారుజామున పేడ ఎత్తడం, కుడితి కలపడం, దూడను విడిచి, గేదె చేపిన తరువాత పాలు పితకడం, చొప్ప నరకడం, పాలు తీసుకుని కేంద్రానికి నడవడం. దాదాపు ప్రతి చుట్టలోనూ ఆ చేతులు అమ్మవే. సంఘం పాసుపుస్తకం తీసి చూస్తే మాత్రం సభ్యుని పేరు నాన్నగారిది. ఓటు ఆయనది, బోనసు సంతకం ఆయనది.

మేము తొందరపడి నాన్నగారిని తప్పు పట్టబోయాము. అమ్మ ఒప్పుకోలేదు. "కెమెరా పట్టుకున్న మనిషి బొమ్మలో ఎట్లా కనపడతాడురా? చొప్ప కోసుకొచ్చింది మీ నాన్నే గదా" అన్నది. నిజమే. మేనమామగారు తీసిన మొదటి చుట్టలో నాన్నగారు నెత్తిన పిల్లిపెసర మోపుతో వస్తూ కనపడతారు. కాసేపాగి అమ్మే అన్నది: "పేరు మాత్రం నాది కూడా వేయించి ఉండాల్సింది."

1976లో గుజరాత్‌లో 5 లక్షల మంది పాల ఉత్పత్తిదారులు తలా 2 రూపాయలు వేసుకుని 'మంథన్' చిత్రం తీయించారు. దర్శకులు శ్యామ్ బెనెగల్ మన హైదరాబాదు గడ్డ మీద పుట్టినవారే. పాతబడిన ఆ చిత్రాన్ని బాగు చేసి 2024లో కాన్ చిత్రోత్సవంలో చూపారు. మన పెట్టెల్లో ఉన్నవాటిని బాగు చేయించవలసినది మాత్రం మనమే. అందుకు నాలుగు మాటలు:

1. వాసన వచ్చే చుట్టను మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి.
2. కుంచించుకున్న ఫిలింను పాత ప్రొజెక్టరులో వేయకండి, చిరుగుతుంది. ముందు స్కాన్ చేయించండి.
3. రేకుల కింద, అటక మీద పెట్టకండి. చల్లగా, పొడిగా ఉన్న చోట దాచండి.
4. పెద్దవారికి చూపించి, వారు చెప్పే మాటలు రికార్డు చేయండి. మా గేదెల పేర్లు అమ్మకు తప్ప ఇంకెవరికీ గుర్తు లేవు. నేడు సెల్‌ఫోనుతో తీసేవారు కూడా తేదీ, పేర్లు రాసి రెండు చోట్ల దాచుకోవాలి.

మా ఇంట్లో ఇప్పుడు పాలు పితికేది మా వదినగారు. ఈ ఏడు సభ్యత్వ దరఖాస్తు ఆమె పేరున పెట్టాము. మీ గేదె ఎవరి చేతికి చేపుతుందో, సంఘం పుస్తకంలో వారి పేరు ఉన్నదో లేదో ఈ రాత్రి ఇంటికి వెళ్ళి చూసుకోండి.