డొక్కలెగరేసే బిడ్డకు రేపటిదాకా గడువు లేదు
(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగం)

చిన్నపిల్లలకు జలుబు, దగ్గు రావడం మామూలే. చాలావరకు అవి వైరస్ వల్ల వచ్చి, యాంటీబయాటిక్ లేకుండానే తగ్గుతాయి. తల్లి చన్నీళ్లు పోసుకుంది, పడనిది తింది, అందుకే బిడ్డకు రొంప పట్టిందంటారు. ఈ నింద మనం మోయనక్కర్లేదు. చనుబాలు ఆపకుండా ఇంకా ఎక్కువసార్లు ఇవ్వాలి. ముక్కులో నూనె పోయకూడదు, ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. దగ్గు సిరప్పులు సొంతంగా కొనవద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ సిరప్పు తాగి పసిపిల్లలు చనిపోయారు.

అసలు ప్రమాదం నెమ్ము, అంటే న్యుమోనియా. దాన్ని అనుమానించడానికి స్టెతస్కోపు అక్కర్లేదు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40, లేదా అంతకు మించితే అది వేగమే. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. గాలి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి పోవడం, పాలు తాగలేకపోవడం, తాగిందంతా కక్కడం, ఫిట్స్, మగత, పెదాలు నీలమవడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రెండు నెలల లోపు బిడ్డకు ఊపిరి వేగం ఒక్కటే అయినా అంతే.

ఇది డాక్టర్లకే తెలిసే విద్య అనుకోకండి. తెలంగాణ సరిహద్దునున్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల ఆధ్వర్యంలో గ్రామ ఆరోగ్య కార్యకర్తలు, మంత్రసానులు న్యుమోనియాను గుర్తుపట్టి మందు ఇచ్చారు. పిల్లల మరణాలు తగ్గాయని 1990లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

న్యుమోకోకల్ టీకా 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు వేయించాలి.

ఇన్ని తెలిసినా బిడ్డ గడప దాటకపోవడానికి కారణం మరొకటుంది. డొక్కలెగరేయడం మొదట చూసేది తల్లి. బస్సు చార్జీ ఉండేది మరొకరి చేతిలో. భర్త రావాలి, అత్త ఒప్పుకోవాలి. ఆడపిల్లయితే 'తెల్లారనీ చూద్దాం' అంటారు. ఆ రాత్రే ప్రాణం పోవచ్చు. అందుకే బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లే నిర్ణయం తల్లి హక్కు అని నేనంటాను. ప్రతి సంఘం ప్రయాణానికి కొంత డబ్బు పక్కన పెట్టాలి. 108కి ఫోను చేయడానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదని ప్రతి ఇంట్లో చెప్పాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అమాక్సిసిలిన్, ఆక్సిజన్ ఉన్నాయా అని నెలనెలా మనమే వెళ్లి అడగాలి. లేవంటే, ఎందుకు లేవో రాసిమ్మనాలి.