మన మొగ్గును బట్టి మన పేపరు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. నేను మరొక విషయం మనవి చేస్తాను. అది ఉదయం కాఫీతో పాటు మనం చేతికి తీసుకునే పేపరు సంగతి.

పేపరు చదివి అభిప్రాయం ఏర్పరచుకుంటామని మనం అనుకుంటాం. చాలాసార్లు జరిగేది వేరు. అభిప్రాయం ముందే ఉంటుంది. దానికి తగిన పేపరు వేయించుకుంటాం.

ఇది కొత్త సంగతి కాదు. 1940 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లాజర్స్‌ఫెల్డ్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో మే నుండి నవంబరు వరకు ఓటర్లను పదే పదే కలిసి ప్రశ్నించారు. ఎవరికి ఏ పార్టీ ఇష్టమో వారు ఆ పార్టీ ప్రచారాన్నే ఎక్కువగా చదివారు, విన్నారు. రిపబ్లికన్లు పత్రికల వైపు, డెమోక్రాట్లు రేడియో వైపు మొగ్గారు. ఆనాడు అక్కడి పత్రికలలో ఎక్కువ భాగం రూజ్వెల్టుకు వ్యతిరేకం. ఆయన 1933 నుండి రేడియోలో ఇంటి మనిషిలా ప్రజలతో మాట్లాడేవారు.

మన దగ్గరా అంతే. కమ్యూనిస్టు పార్టీకి 1952లో విశాలాంధ్ర, మార్క్సిస్టు పార్టీకి 1981లో ప్రజాశక్తి దినపత్రికలు వచ్చాయి. 2008లో వై.ఎస్. కుటుంబం ఆధ్వర్యంలో సాక్షి, 2011లో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ వాణిగా నమస్తే తెలంగాణ వెలువడ్డాయి. మాట తీరు కూడా అంతే. ఒకరికి ప్రజానాట్యమండలి బుర్రకథ నచ్చింది. ఇంకొకరికి 1982లో చైతన్యరథం పైనుండి వినిపించిన రామారావుగారి కంఠం నచ్చింది.

ఇక నా అనుభవం. నేనూ, నా మిత్రుడొకరూ ఒకే సెక్షన్‌లో చాలాకాలం పనిచేశాం. సర్వీసులో ఉండగా కాండక్ట్ రూల్సు భయంతో రాజకీయాలు ఎత్తేవాళ్ళం కాదు. రిటైరైన తరువాత నోళ్ళకు తాళాలు ఊడాయి. ఆయన తన ఛానల్ వీడియోలు వాట్సాప్‌లో పంపేవారు. నేను నావి పంపేవాణ్ణి. ఒకనాడు మాటామాటా పెరిగింది. ఎనిమిది నెలలు పలకరింపులు లేవు. ఆయన మనవరాలి పెళ్ళికి కూడా నేను వెళ్ళలేదు. ఆ తప్పు నాదే.

కిందటి సంవత్సరం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళితే ఇద్దరికీ ఒకే బెంచీ దొరికింది. ఆయన చేతిలో ఆయన పేపరు, నా చేతిలో నా పేపరు. చదవడం అయిపోయింది, పిలుపు రాలేదు. ఆయన ఏమీ అనకుండా తన పేపరు ఇటు చాపారు. నేను నాది ఇచ్చాను. రెండింటిలోనూ ఒకే సభ వార్త. ఒకదానిలో జనసంద్రం, రెండవదానిలో ఖాళీ కుర్చీలు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం.

అందుకే నా మనవి. వారానికొక్కసారి ఎదుటివారి పేపరు చదవండి. రెండింటిలోనూ కనిపించిన సంగతిని ముందు నమ్మండి. ఒక్కదానిలోనే ఉన్నదాన్ని ఫార్వర్డ్ చేసేముందు ఒక పూట ఆగండి. మన సంఘం గదిలో కూడా కనీసం రెండు రకాల పేపర్లు వేయించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

ఆ మిత్రుడు ఈ సభలోనే ఉన్నారు. ఆయన పార్టీ మారలేదు, నేనూ మారలేదు. ఆదివారం పేపర్లు మాత్రం మార్చుకుంటున్నాం.