కంప్యూటర్ కాపలా చదువు – సర్కారు సాయం ఎవరికి?



పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా రోడ్డు పొడుగునా ఫ్యాక్టరీలే. ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది. పక్కకు తిరిగితే పాశమైలారం, బొల్లారం. 1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చింది. ఆ తర్వాత మందుల ఫ్యాక్టరీలు, ఇనుప ఫ్యాక్టరీలు వచ్చాయి. అప్పట్లో గేటుకు తాళం వేసి, వాచ్‌మన్‌ను కూర్చోబెడితే కాపలా అయిపోయేది.

ఇప్పుడు ఆ తాళం చాలదు. ఎందుకు?

ఇప్పుడు ఫ్యాక్టరీలో బాయిలర్ వేడిని చూసేది కంప్యూటర్. కూలీల హాజరు రాసేది కంప్యూటర్. జీతం బ్యాంకులో వేసేది కూడా కంప్యూటరే. దొంగ గోడ దూకి రావలసిన పని లేదు. ఎక్కడో దూరాన కూర్చుని, వైరు గుండా లోపలికి వస్తాడు. లెక్కలు దోస్తాడు. యంత్రాన్ని ఆపేస్తాడు. "ఇన్ని పైసలిస్తేనే తాళం తీస్త" అని బెదిరిస్తాడు.

ఈ దొంగతనాన్ని ఆపే పనినే సైబర్ సెక్యూరిటీ అంటారు. తెలుగులో చెప్పాలంటే కంప్యూటర్ కాపలా.

ఈ దొంగలు పెద్ద కంపెనీల జోలికే పోతారా? కాదు. కూలి మనిషి ఫోనుకూ వస్తారు. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నం, ఓటీపీ చెప్పు" అంటారు. చెబితే నెల జీతం పోతుంది. పైసలు పోయినవాళ్లు వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. డబ్బు దొంగ చేతికి పోకముందే బ్యాంకులో ఆపడానికి వీలుంటుంది. ఇలాంటి నేరాల కోసమే మన రాష్ట్రంలో 2023లో సైబర్ సెక్యూరిటీ బ్యూరో పని మొదలుపెట్టింది.

కాపలా పని పెరిగింది. ఆ పని నేర్చినవాళ్లు కావాలి. మరి కూలి మనిషి బిడ్డ ఆ చదువు చదవగలదా? ఫీజు ఎవరు కడతారు? ఈ రోజు మాట ఇదే.

చదువుకు మెట్లు

ఈ చదువుకు ఒకటే దారి లేదు. మెట్లు మెట్లుగా ఉంది.

పదో తరగతి తర్వాత పాలిసెట్ పరీక్ష రాయవచ్చు. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చేయవచ్చు. అది మూడేళ్లు. డిప్లొమా అయినవాళ్లు ఈసెట్ రాసి, బి.టెక్. రెండో ఏటిలో నేరుగా చేరవచ్చు.

ఇంటర్‌లో లెక్కలు తీసుకున్నవాళ్లు ఎప్‌సెట్ రాస్తారు. దీన్నే ఇదివరకు ఎంసెట్ అనేవారు. బి.టెక్. నాలుగేళ్లు. చాలా కాలేజీల్లో కంప్యూటర్ బి.టెక్.లో సైబర్ సెక్యూరిటీ అనే శాఖ వేరుగా ఉంది. అది దొరకకపోయినా దిగులు వద్దు. మామూలు కంప్యూటర్ శాఖ చదివి కూడా ఈ పనిలోకి పోవచ్చు.

మన జిల్లాలోనే సుల్తాన్‌పూర్‌లో జె.ఎన్.టి.యు. వారి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. కందిలో ఐ.ఐ.టి. ఉంది. ఐ.ఐ.టి. 2008లో ఎద్దుమైలారంలో మొదలై, తర్వాత కందికి వచ్చింది. ఫ్యాక్టరీకి పోయే బస్సు దాని గేటు ముందు నుంచే పోతుంది. ఆ గేటు లోపల కూలి బిడ్డకూ చోటుంది.

సాయం ఎవరికి?

"సైబర్ సెక్యూరిటీ స్కాలర్‌షిప్" అని పేరు పెట్టిన పథకం కోసమే వెతికితే తిప్పలు పడతారు. సాయం ఆ పేరుతో రాదు. కులం, ఆదాయం, ఆడపిల్ల, అంగవైకల్యం, పరీక్షలో ర్యాంకు – వీటిని బట్టి వస్తుంది. ఒక్కొక్కటి చూడండి.

1. ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇది 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. దీనికి ఈ-పాస్‌లో దరఖాస్తు పెట్టాలి. తల్లిదండ్రుల ఆదాయం హద్దు లోపల ఉండాలి. ఎస్.సి. విద్యార్థులకు కేంద్రం పెట్టిన హద్దు ఏడాదికి 2.5 లక్షల రూపాయలు. బి.సి.లకు పల్లెలో 1.5 లక్షలు, పట్టణంలో 2 లక్షలు అనే హద్దు అమలులో ఉంటూ వచ్చింది. హద్దులు మారుతుంటాయి. దరఖాస్తు పెట్టే ఏడు మీసేవలో అడిగి చూసుకోవాలి.

ఇంజనీరింగ్‌లో ఇంకో మెలిక ఉంది. ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకు ర్యాంకుతో పని లేకుండా మొత్తం ఫీజు వచ్చే పద్ధతి. బి.సి.లకు 10,000 లోపు ర్యాంకు వస్తే మొత్తం ఫీజు. ర్యాంకు అంతకు మించితే ఏడాదికి 35,000 రూపాయల దాకానే. మిగిలింది ఇంటివాళ్లు కట్టుకోవాలి.

2. ప్రగతి స్కాలర్‌షిప్. ఇది ఆడపిల్లలకు. ఏ.ఐ.సి.టి.ఇ. అనే కేంద్ర సంస్థ ఇస్తుంది. డిప్లొమా గాని, ఇంజనీరింగ్ గాని మొదటి ఏడు చదువుతుండాలి. ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏటిలో చేరినా సరే. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా పెట్టుకోవచ్చు.

3. సక్షమ్ స్కాలర్‌షిప్. ఇది అంగవైకల్యం ఉన్నవాళ్లకు. వైకల్యం కనీసం 40 శాతం అని సర్టిఫికెట్ ఉండాలి. ఆదాయం హద్దు 8 లక్షలే. సొమ్ము కూడా 50,000 రూపాయలే.

4. ఐ.ఐ.టి.లో మాఫీ. ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకు, వికలాంగులకు ట్యూషన్ ఫీజు లేదు. మిగతావాళ్లలో ఇంటి ఆదాయం లక్ష లోపు ఉంటే మొత్తం మాఫీ. లక్ష నుంచి 5 లక్షల దాకా ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. హాస్టలు, మెస్సు ఖర్చు వేరు.

5. పెద్ద చదువుకు. బి.టెక్. తర్వాత గేట్ పరీక్షలో పాసై ఎం.టెక్.లో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ ఉంది.

6. ఉచిత శిక్షణ. నాలుగేళ్లు చదివే ఓపిక అందరికీ ఉండదు. పల్లెల్లోని పేద ఇళ్ల యువతకు దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన ఉంది. 15 నుంచి 35 ఏళ్ల వాళ్లు అర్హులు. ఆడవాళ్లకు 45 దాకా సడలింపు ఉంది. మహిళా సంఘంలో తల్లి సభ్యురాలైతే ఆ ఇంటి పిల్లలు అడగవచ్చు. ఫీజు ఉండదు. కంప్యూటర్ పనులు ఇక్కడ మొదటి నుంచి నేర్పుతారు. కంప్యూటర్ కాపలాకు ఇది మొదటి మెట్టు.

7. కార్మిక సంక్షేమ నిధి. ఫ్యాక్టరీ కార్మికుడి జీతం నుంచి ఏడాదికి 2 రూపాయలు, యజమాని నుంచి 5 రూపాయలు ఈ నిధికి పోతాయి. మంచి మార్కులు వచ్చిన కార్మికుల పిల్లలకు దీని నుంచి స్కాలర్‌షిప్ ఇస్తారు. సొమ్ము చిన్నదే. పుస్తకాలకు పనికివస్తుంది. కాంట్రాక్టు కార్మికులు "మా పేరున ఆ 2 రూపాయలు కడుతున్నరా?" అని కాంట్రాక్టర్‌ను అడగాలి. అది అడిగే హక్కు వాళ్లకుంది.

ఒక లెక్క చేయండి

ఒక బి.సి. కుటుంబం తీసుకోండి. తండ్రి పాశమైలారంలో కాంట్రాక్టు పని చేస్తాడు. నెలకు 12,000 రూపాయలు. తల్లి ఇళ్లల్లో పని చేస్తుంది. నెలకు 3,000.

తండ్రి ఆదాయం ఏడాదికి 1,44,000.
తల్లి ఆదాయం ఏడాదికి 36,000.
రెండూ కలిపితే 1,80,000.

ఆ ఇల్లు పట్టణంలో ఉంటే 2 లక్షల హద్దు లోపలే. సాయానికి అర్హులు. అదే ఇల్లు పల్లెలో ఉంటే 1.5 లక్షలు దాటింది. ఆ పథకం రాదు. జీతం ఒకటే, ఊరు మారితే ఫలితం మారింది! అయితే అక్కడితో ఆగవద్దు. ఆడపిల్లయితే ప్రగతి హద్దు 8 లక్షలు. అది పెట్టుకోవచ్చు.

అప్పు తీసుకున్నా దారి ఉంది. ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే, వృత్తి విద్యకు బ్యాంకులో తీసుకున్న 10 లక్షల దాకా అప్పు మీద చదువు కాలపు వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. అయితే కాలేజీకి గుర్తింపు ఉండాలి. 2024 నవంబరులో పి.ఎం. విద్యాలక్ష్మి పథకం కూడా వచ్చింది. ఎంపిక చేసిన మంచి కాలేజీల్లో చేరినవాళ్లకు పూచీ లేకుండా అప్పు ఇస్తారు. ఏ పథకంలోనైనా అసలు మాత్రం తీర్చవలసిందే. వడ్డీ వ్యాపారి గడప తొక్కే ముందు బ్యాంకు గడప తొక్కాలి.

మోసం ఇక్కడే

ఎప్‌సెట్ ఫలితాలు రాగానే దళారులు తిరుగుతారు. "సీటు నేనిప్పిస్త. లక్ష కట్టు. తర్వాత స్కాలర్‌షిప్ వస్తది, నీ పైసలు నీకొస్తయి" అంటారు. ఆ మాట నమ్మి పుస్తెలతాడు కుదువ పెట్టే తల్లులున్నారు.

ఒక్క మాట గుర్తు పెట్టుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే వస్తుంది. కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి వచ్చేది కన్వీనర్ కోటా సీటు. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు రాదు. చివరలో మిగిలిన సీట్లకు పెట్టే స్పాట్ అడ్మిషన్‌కూ రాదు. కాగితం మీద ఏ కోటా అని రాసి ఉందో తల్లి వేలు పెట్టి చదవాలి. ఆ రెండు పదాలు చదవగలిగితే ఆ ఇంట్లో లక్ష రూపాయలు మిగులుతాయి. రాత్రి బడిలో నేర్చిన అక్షరం విలువ అది.

ఇంకో చిక్కు. సాయం మంజూరైనా సొమ్ము వేళకు రాదు. 2025 నవంబరులో ఆ బకాయిల కోసమే ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. సొమ్ము రానప్పుడు కొన్ని కాలేజీలు "ముందు మీరు కట్టండి, లేకుంటే సర్టిఫికెట్లు ఇవ్వం" అంటాయి. అందుకని చేరేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. రసీదు లేని పైసలు ఏటిలో వేసిన పైసలే.

ఏ కాగితాలు కావాలి?

ఆధార్ కార్డు.
పదో తరగతి మెమో.
కులం సర్టిఫికెట్.
ఆదాయం సర్టిఫికెట్. ఇది తహసీల్దారు ఇస్తాడు. మీసేవలో దరఖాస్తు పెట్టాలి.
ఇదివరకు చదివిన బడి సర్టిఫికెట్లు.
విద్యార్థి పేరున బ్యాంకు ఖాతా. దానికి ఆధార్ కలిపి ఉండాలి.

మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉంటే దరఖాస్తు ఆగిపోతుంది. ఇంటి పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా చిక్కే. ఫలితాలు రాకముందే సరిచేయించుకోవాలి. చేరిన తర్వాత హాజరు 75 శాతం ఉండాలి. ఏడేడూ మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ఒకసారి పెట్టి మరిచిపోతే రెండో ఏడు సాయం ఆగుతుంది. రెండు స్కాలర్‌షిప్‌లు ఒకేసారి తీసుకోవడానికి చాలా పథకాలు ఒప్పుకోవు. ఏది లాభమో చూసుకుని పెట్టాలి.

వలస వచ్చినవాళ్లకు?

ఈ ఫ్యాక్టరీల్లో బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల పిల్లలకు దారి లేదా? ఉంది. కేంద్రం ఇచ్చే ఎస్.సి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను విద్యార్థి సొంత రాష్ట్రం ఇస్తుంది, చదువు వేరే రాష్ట్రంలో అయినా సరే. కాబట్టి బీహార్ పిల్ల ఇక్కడ చదివినా బీహార్ సర్కారుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ప్రగతి, సక్షమ్ కేంద్ర పథకాలు. ఏ రాష్ట్రం వాళ్లయినా పెట్టుకోవచ్చు. పక్క గదిలో ఉండే హిందీ కుటుంబానికి ఈ సంగతి చెప్పడం మంచి పని.

దూర దేశం మాట కూడా వినండి. అమెరికాలో ఈ చదువుకు వేరే పథకమే ఉంది. సర్కారు ఫీజు కట్టి, నెల ఖర్చులకూ ఇస్తుంది. బదులుగా చదువయ్యాక, సాయం తీసుకున్నన్ని ఏళ్లు సర్కారు కొలువు చేయాలి. అది ఆ దేశ పౌరులకు, అక్కడ స్థిరంగా ఉండే హక్కు పొందినవాళ్లకే. "అమెరికా స్కాలర్‌షిప్ ఇప్పిస్త" అని ఎవరైనా పైసలడిగితే ఈ మాట గుర్తు తెచ్చుకోవాలి.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. సర్కారు సాయం కూడా అంతే. అర్హత ఉండీ, తేదీ దాటిపోయి పోగొట్టుకున్న ఇళ్లు ఎన్నో. తేదీని గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టండి. దాన్ని పిల్ల చేత కాదు, తల్లి చేతనే రాయించండి.

ఆలోచించండి – చర్చించండి

1. మీ ఇంటి ఏడాది ఆదాయం ఎంత? కాగితం మీద లెక్క వేయండి.
2. కన్వీనర్ కోటాకు, మేనేజ్‌మెంట్ కోటాకు తేడా ఏమిటి?
3. మీ వాడలో ఈ ఏడు పది, ఇంటర్ పాసయ్యే ఆడపిల్లలు ఎందరు? వాళ్లకు ప్రగతి సంగతి ఎవరు చెబుతారు?
4. ఫోనులో పైసలు పోతే ఏ నంబరుకు చెప్పాలి? ఆ నంబరును మూడుసార్లు రాయండి.