గుండెకు స్టెంటు వేసిన పిమ్మట

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మీ గ్రామమున ఏ వీధిదీపము వెలుగుటలేదో, ఏ బజారున మురుగు నిలిచియున్నదో మీరెరుగుదురు. గుండెకు స్టెంటు వేయించుకొని వచ్చినవారు మీ వార్డులో ఎందరున్నారో, వారిలో ఎందరు నేటికిని క్రమముగా మందులు వాడుచున్నారో చెప్పగలరా? ఈ ప్రశ్నను మీ ముందుంచుటకే మేము వచ్చితిమి.

ఒకప్పుడు ఈ చికిత్స పల్లెలకు అందునది కాదు. 1977 సెప్టెంబరు 16వ తేదీన జూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రుంట్‌సిగ్ అను వైద్యుడు, మూసికొనిపోవుచున్న గుండె రక్తనాళమును చిన్న బుడగతో తొలిసారి తెరచెను. 1986లో ఫ్రాన్సు, స్విట్జర్లాండు దేశముల వైద్యులు, అట్లు తెరచిన చోట సన్నని లోహపు జాలిగొట్టమును నిలుపనారంభించిరి. దానినే స్టెంటు అందురు. 1990 తరువాతి దశాబ్దమున మన హైదరాబాదులో డాక్టరు సోమరాజు, శాస్త్రజ్ఞుడు అబ్దుల్ కలాం కలసి తక్కువ ఖరీదు స్టెంటును రూపొందించిరి. 2007లో ఆరోగ్యశ్రీ పథకము ప్రారంభమైనది. 2017 ఫిబ్రవరిలో కేంద్రమువారు మందుపూత గల స్టెంటు ధర 29,600 రూపాయలకు మించరాదని కట్టడి చేసిరి. ఈ విధముగా కూలివాని గుండెకును స్టెంటు అందినది. ఇది సామాన్యమైన మేలు కాదు. అయితే ఆసుపత్రి గడప దాటిన పిమ్మట జరుగుచున్నదేమి?

మేమెరిగిన యొక రైతు సంగతి వినుడు. వయస్సు ఏబదిరెండు. గుండెపోటు వచ్చినంతనే 108 వాహనమున పట్టణమునకు చేర్చిరి. స్టెంటు వేసిరి. నాలుగవ దినమున తన కాళ్లతో నడచి ఇల్లు చేరెను. చుట్టములు చూడవచ్చి, "గండము గడచినది" అనిరి. ఆసుపత్రివారిచ్చిన మందులు నెల దినములకు సరిపోయినవి. మరి రెండు నెలలు కొని వాడెను. ఇంతలో వరినాట్లు వచ్చినవి, చేత డబ్బాడలేదు. ఛాతీలో నొప్పి లేదు, ఆయాసము లేదు. "బాగైన తరువాత మందులెందుకు?" అనుకొని మానివేసెను. పదునైదు దినములు తిరుగకమునుపే పొలము గట్టున కూలబడెను. ఈమారు వాహనము వచ్చుసరికి ప్రాణము పోయినది.

ఆతని భార్య మాకొక కాగితముల సంచి చూపినది. అందు ఆసుపత్రి చీటీ ఉన్నది. మందుల పేర్లు, వేళలు అన్నియు ఆంగ్లముననే ఉన్నవి. "ఏ మాత్ర మానితే ఏమగునో మాకెవరును చెప్పలేదయ్యా" అని ఆమె యనినది. చెప్పియే యుందురు. కాని ఇంటికి బయలుదేరు తొందరలో రెండు నిమిషములు చెప్పిన మాట ఎవరి చెవికెక్కును? ఆ తప్పును రైతుపై నెట్టి ఊరుకొనుటకు మాకు మనసొప్పలేదు. అందు వైద్యులమగు మాకును భాగమున్నది.

స్టెంటు ఏమి చేయునో, ఏమి చేయజాలదో తెలిసికొందము. పంటకాలువను తలచుకొనుడు. ఒకచోట గట్టు జారి కాలువ పూడిపోయినది. మీరు పూడిక తీసి, అచట సిమెంటు గొట్టము వేసితిరి. నీరు పారినది. కాని పైనుండి ఒండ్రు వచ్చుచునే యున్నది. గొట్టము వేసిన ఆ నాలుగు గజములు తప్ప తక్కిన కాలువ యంతయు మరల పూడవచ్చును. స్టెంటు పని అంతమాత్రమే. అది యొక్క అడ్డును తొలగించును. గుండెపోటు సమయమున ప్రాణము నిలుపును. అయితే రక్తనాళములలో కొవ్వు పేరుకొనజేయు జబ్బు దేహమున ఉండనే యుండును. దానిని అదుపులో నుంచునవి మందులు, ఆహారనియమము, నడక, పొగాకు మానుట.

మరియొక సంగతి. స్టెంటు లోహము, రక్తమునకది పరాయి వస్తువు. నాళపు లోపలి పొర పెరిగి దానిని కప్పువరకు, రక్తములోని ప్లేట్‌లెట్లు అను సూక్ష్మకణములు దానికంటుకొని గడ్డకట్టజూచును. మందుపూత గల స్టెంటుపై ఈ పొర మరింత నెమ్మదిగా పెరుగును. ఇట్లు గడ్డకట్టుట అరుదు. కాని కట్టినచో నాళము ఒక్కమారుగా మూసికొనును. అది ప్రాణాంతకము. దీనిని నివారించుటకే ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్, ప్రాసుగ్రెల్ అను వానిలో ఒకదానిని వ్రాయుదురు. గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకొన్నవారు సాధారణముగా ఈ రెండు మందులను ఒక సంవత్సరము వాడవలెను. గుండెపోటు రాకమునుపే వేయించుకొన్నవారికి సాధారణముగా ఆరు నెలలు. రోగి స్థితిని బట్టి వైద్యుడు ఈ గడువును హెచ్చించును, తగ్గించును. గడువు తీరిన పిదప ఒకదానిని ఆపి, రెండవదానిని సాధారణముగా జీవితాంతము కొనసాగింతురు. కొవ్వును తగ్గించు స్టాటిన్ మాత్రయు దీర్ఘకాలము వాడవలసినదే. ఇవి నొప్పి వచ్చినపుడు మింగు మాత్రలు కావు. నొప్పి రాకుండ కాచునట్టివి. రైతు పొలమున పంట లేనప్పుడు కంచె తీసివేయవచ్చును గాని, గుండెకు అట్టి ఖాళీ కాలము లేదు.

2011లో ప్రకటింపబడిన ప్యూర్ అను పరిశోధన 17 దేశములలో జరిగినది. మన దేశమును అందున్నది. అల్పాదాయ దేశములలో గుండెజబ్బో, పక్షవాతమో వచ్చినవారిలో నూటికి 80 మంది, వాడవలసిన ముఖ్యమైన మందులలో ఒక్కటియును వాడుటలేదని అందు తేలినది. పట్టణములకంటె పల్లెలలో వాడువారు మరింత తక్కువ. మా రైతు ఒంటరివాడు కాడని దీనివలన తెలియుచున్నది.

మందులు మానుటకు జనులు చెప్పు కారణములను మేము వినుచునే యున్నాము. మొదటిది ఖర్చు. జన ఔషధి దుకాణములలో ఇవే మందులు చాల చవుకగా దొరకును. రక్తపోటు, మధుమేహము మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఉచితముగా ఇత్తురు. ప్రభుత్వ పథకమున చికిత్స పొందినవారు, మరల చూపించుకొనుటకును, మందులకును ఏ సౌకర్యమున్నదో ఆసుపత్రి విడుచుటకు ముందే ఆరోగ్యమిత్రను అడుగవలెను. రెండవది ఉపవాసములు, దీక్షలు, రంజాను మాసము. దైవభక్తికి మందు అడ్డురాదు. మాత్ర వేళలను ఎట్లు మార్చుకొనవలెనో వైద్యుని ముందుగా అడిగిన చాలును. మూడవది భయము. పండ్లు తోముకొనునపుడు కొంచెము రక్తము కనబడిన, చర్మముపై కమిలిన మచ్చలు వచ్చిన, తామే మందు మానక వైద్యునికి చెప్పవలెను. మలము నల్లగా తారువలె వచ్చినను, రక్తము వాంతియైనను తక్షణమే ఆసుపత్రికి పోవలెను. పన్ను తీయించుకొనునపుడును, మరే శస్త్రచికిత్సకు ముందును స్టెంటు సంగతి చెప్పవలెను. గుండె వైద్యుని అడుగక మాత్రలు ఆపరాదు. ఒళ్లునొప్పులకు ఊరిలో వేయు నొప్పి సూదులు, మాత్రలు ఈ మందులతో కలసి రక్తస్రావము కలిగింపవచ్చును, గుండెకును చెరుపు చేయవచ్చును. ఒకపూట మాత్ర మరచినచో, మరుపూట రెండు కలిపి మింగరాదు.

పంచాయతీ ఏమి చేయవలెను? ఇందులకు నిధులు మంజూరు కానక్కరలేదు. స్టెంటు వేయించుకొని ఒకరు ఊరు చేరిన వారము లోపల, ఆశా కార్యకర్తతో కలసి వార్డు సభ్యుడు ఆ ఇంటికి పోవలెను. ఆసుపత్రి చీటీని ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపి, ఏ మాత్ర ఉదయము, ఏది రాత్రి, ఏది ఎంతకాలము, ఏది అడుగక మానరాదు అనునది పెద్ద అక్షరములతో తెలుగున వ్రాయించి గోడకు అంటింపవలెను. ఆ కాగితము రోగికే గాక భార్యకు, కోడలికి, బడికిపోవు మనుమనికి చదివి వినిపింపవలెను. మాత్ర అందించువారు వారే గదా!

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము కూడినపుడెల్ల, మందులు అయిపోవచ్చినవారెవరో విచారింపవలెను. పట్టణమునకు పోవు ఒకరు నలుగురికి మందులు తేవచ్చును. నాట్లు, కోతలు సాగు నెలలలో ఈ విచారణ మరింత అవసరము. అయితే రోగి సమ్మతి లేక ఆతని జబ్బును రచ్చబండపై చాటరాదు. పరువు పోవునన్న భయముతో మందు దాచుకొనువారును కలరు. స్టెంటు వేసినవాని యెదుట చుట్ట, బీడీ కాల్చుట సభ్యులు మానినచో, అదియు ఒక ఉపదేశమే. ఛాతీలో నొప్పి, బరువు, చెమట, ఆయాసము కనబడినచో తెల్లవారువరకు చూడక 108కి ఫోను చేయవలెనని ప్రతి ఇంటికిని తెలుపుడు.

ఆ రైతు ఇంటి గోడపై తెలుగున వ్రాసిన కాగితమొకటి ఉండియుండినచో, నాట్ల వేళ ఒకరు పోయి "మాత్రలున్నవా?" అని అడిగియుండినచో, ఆతడు నేడు తన చేనిని చూచుకొనుచుండెడివాడేమో! లక్షల విలువగల చికిత్స ఆ చిన్న ప్రశ్న లేకపోవుటచే వ్యర్థమైనది. మీరు ఊరు చేరిన వెంటనే మీ వార్డులో ఆ ప్రశ్న అడుగుడు. వచ్చేమారు మనము కలిసినపుడు, మేము మొదట అడిగిన ప్రశ్నకు మీ జవాబు విందుము.