మన కాళ్ల కింద కదిలే పలక

గల్ఫ్‌లో పునాదులు తవ్వేది మనమే కదా. ఇవాళ ఆ గుంత కన్నా ఇంకా కిందికి పోదాం.

సౌదీ, కువైట్, ఖతర్, దుబాయ్, ఒమన్, ఇవన్నీ అరేబియా పలక అనే ఒకే పెద్ద రాతి బల్ల మీద ఉన్నాయి. అది ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్లు ఉత్తరం వైపు జరుగుతోంది. వెనక ఎర్ర సముద్రం వెడల్పవుతోంది. ముందర ఇరాన్ అడ్డం. ఆ తోపుడికి నేల ముడతలు పడి లేచినవే ఇరాన్‌లోని జాగ్రోస్ కొండలు. ఒమన్ హజర్ కొండల్లో పని చేసినవాళ్లు ముదురు రంగు రాయి చూసే ఉంటారు. అది ఒకప్పుడు సముద్రం అడుగున పుట్టిన రాయి. పలకలు ఒత్తుకుని నేల మీదికి ఎక్కించాయి.

కొండలు లేపే బలమే ఊళ్లను కూల్చుతుంది. రాయి, రాయి పట్టుకుని ఏళ్ల తరబడి ఆగుతాయి. ఇక ఓపలేక ఒక్కసారిగా జారతాయి. అదే భూకంపం.

2013 ఏప్రిల్ 16న ఇరాన్‌లో, పాకిస్తాన్ సరిహద్దు దగ్గర 7.7 తీవ్రతతో వస్తే, ఇక్కడ దుబాయ్‌లో టవర్లు ఊగాయి. అంత దూరం వచ్చేసరికి చురుకు అదుర్లు సన్నగిల్లి, నెమ్మదిగా ఊపే అలలు మిగులుతాయి. అవి ఎత్తు బిల్డింగులనే ఎక్కువ ఊపుతాయి. అందుకే 30వ అంతస్తులో ఉన్నోడికి తల తిరుగుతుంది, కింద ఉన్నోడికి ఏమీ తెలియదు. పైవాడు చెప్తే నవ్వకండి.

2023 ఫిబ్రవరి 6న ఇదే పలక అంచున టర్కీలో 7.8 వచ్చింది. టర్కీ, సిరియా కలిపి 50 వేల మందికి పైగా పోయారు. చాలా బిల్డింగులు అట్ల దొంతరలా స్లాబు మీద స్లాబు పడ్డాయి. భూమి ఊపింది నిజమే. కానీ నాసిరకం కాంక్రీటు, చాలీచాలని రింగులు కూడా ప్రాణాలు తీశాయి.

కాబట్టి రెండు మాటలు. ఊగినప్పుడు గాజు అద్దాలకు దూరంగా, గట్టి బల్ల కింద దూరి దాని కాలు పట్టుకోండి. లిఫ్టు, హాయిస్టు ఎక్కొద్దు. ఊపు ఆగాక మెట్ల మీదుగా దిగండి.

రెండోది, కాలమ్ రింగు కొక్కెం 90 డిగ్రీల దగ్గర ఆపేస్తే, ఊపుకి పైపెచ్చు రాలగానే విప్పుకుంటుంది. 135 డిగ్రీలు వంచి కాంక్రీటు లోపలికి పోనిస్తే పట్టు విడవదు. కాంక్రీటు పోశాక ఆ కొక్కెం ఎవరికీ కనపడదు. అందులో పడుకునేది మాత్రం మనలాంటి మనుషులే. వంచేటప్పుడు పూర్తిగా వంచండి తమ్ముళ్లూ.